సి నిండింది, డి ఖాళీగా ఉంది

పండుగ ముందు రోజుల్లో ఏ ఊళ్లోనైనా ఒక ఫ్లెక్స్ షాపులోకి వెళ్లి కాసేపు కూర్చోండి. ఇరవై అడుగుల బ్యానర్ కోసం నలుగురు కుర్రాళ్లు నిలబడి ఉంటారు. వాట్సాప్‌లో ఫొటోలు వస్తూనే ఉంటాయి. డిజైనర్ ఒక్కో ముఖాన్నీ కత్తిరించి, వరసగా పేర్చి, వెనక వెలుగు పెట్టి, పేర్లు రాయబోతుండగా తెరమీద ఒక చిన్న పెట్టె లేస్తుంది. స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయి, మీరు చెప్పిన పని చేయడం కుదరదు అని దాని సారాంశం. అతను డ్రైవులు తెరిచి చూస్తాడు. సి డ్రైవ్ కింద గీత ఎర్రగా ఉంది. పక్కనే డి డ్రైవ్‌లో 700 జీబీ ఖాళీ. సిస్టమ్‌లు బాగుచేసే అబ్బాయికి వెంటనే ఫోన్ వెళుతుంది: "అన్నా, ఫొటోషాప్ డిలోనే వేయమన్నాను కదా. మరి సి ఎందుకు నిండింది?"

చాలా మంచి ప్రశ్న అది. ఈ అధ్యాయమంతా దాని జవాబు కోసమే. జవాబు తెలియాలంటే మనం రోజూ వాడే రెండు మాటల్ని విప్పి చూడాలి. ఒకటి 'డ్రైవ్', రెండోది సాఫ్ట్‌వేర్ 'వేయడం'. ఈ రెంటికీ మనం అనుకునే అర్థానికీ, పెట్టె లోపల జరిగేదానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలోనే డిజైనర్ల గంటలు, కొన్నిసార్లు రాత్రులు పోతున్నాయి.

ముందు ఆ అక్షరం కథ. డ్రైవులు ఎ నుంచి కాక సి నుంచి ఎందుకు మొదలవుతాయి? 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ బజారులోకి వచ్చినప్పుడు దానికి హార్డ్‌డిస్క్ లేదు. ఫ్లాపీలు పెట్టుకునే అరలు రెండు దాకా ఉండేవి. వాటి పేర్లు ఎ, బి. డ్రైవును అక్షరంతో పిలిచే పద్ధతిని గ్యారీ కిల్డాల్ 1970లలో రాసిన సీపీ/ఎం అనే వ్యవస్థ నుంచి ఆ పీసీని నడిపిన డాస్ తీసుకుంది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్‌డిస్క్‌తో వచ్చేనాటికి ఖాళీగా ఉన్న తొలి అక్షరం సి. ఈనాటి ఫోన్‌తో తీసిన మూడు ఫొటోలు పెడితే ఆ డిస్క్ నిండిపోతుంది. తర్వాత ఫ్లాపీలు పోయాయి, వాటి అరలూ పోయాయి, సి మాత్రం తన చోటే నిలిచింది. విండోస్ తనకోసం ఆ చోటే ఉంచుకుంది, వచ్చిన ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ అదే చోటు చూపించింది.

ఇక 'వేయడం' సంగతి. ఆటోక్యాడ్ తొలి కూర్పు 1982 డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. డాస్ కాలంలో ఆటోక్యాడ్ వేయడమంటే ఫ్లాపీల్లోని ఫైళ్లను ఒక ఫోల్డర్‌లోకి దింపుకోవడమే. సహాయక ఫైళ్లు ఎక్కడున్నాయో దానికి చెప్పడానికి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైల్లో ఒకటి రెండు వరుసలు రాసేవారు. ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చాలంటే కాపీ చేసి, ఆ వరుసల్లో అక్షరం దిద్దితే చాలు. సాఫ్ట్‌వేర్ అంటే అప్పట్లో చేత్తో ఎత్తి పక్కన పెట్టగలిగే మూట. మనలో చాలామంది మనసులో ఉన్నది ఇప్పటికీ ఆ మూటే. అందుకే సి నిండగానే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోంచి సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌ను కట్ చేసి, డిలో పేస్ట్ చేసి, అది తెరుచుకోకపోతే ఆశ్చర్యపోతాం.

విండోస్ 95తో ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఉమ్మడి ఫోల్డర్ వచ్చింది. దానికన్నా పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. అంతకు ముందు చిన్న పనులకే వాడిన రిజిస్ట్రీ అనే పుస్తకం మొత్తం వ్యవస్థకు కేంద్రమైంది. పంచాయతీ ఆఫీసులో ఇళ్ల నంబర్ల రిజిస్టరు ఉంటుంది చూడండి, అలాంటిది. ఏ సాఫ్ట్‌వేర్ ఏ ఇంట్లో ఉంటోంది, ఏ రకం ఫైల్‌ను ఎవరు తెరవాలి, ఎవరి దగ్గర ఏ పనిముట్టు ఉంది, తీసేయాలంటే ఎవరిని పిలవాలి అన్నీ దానిలో రాసి ఉంటాయి. పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్ దిగేటప్పుడు అందులో వందలకొద్దీ పద్దులు రాస్తుంది. ఆ పద్దుల్లో చిరునామా అక్షరం అక్షరంగా ఉంటుంది, ముందు సి, ఆ తర్వాత ఫోల్డర్ పేర్లు. మీరు సామాను ఎత్తి కొత్త ఇంట్లో పెట్టారు సరే, పుస్తకంలో పాత నంబరే ఉంది. ఉత్తరాలన్నీ తాళం వేసిన పాత ఇంటికే వెళతాయి.

కాబట్టి డ్రైవ్ మార్చడానికి నమ్మదగిన దారి ఒకటే. ఉన్నదాన్ని పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ వేసేటప్పుడు చోటు మార్చాలి. విండోస్ సెట్టింగ్స్‌లో ఆప్‌ల పక్కన 'మూవ్' అనే మీట కొన్నింటికి కనబడుతుంది కదా అంటారేమో. అది మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన వాటికే. మామూలుగా సెటప్ ఫైల్‌తో వేసిన ఆటోక్యాడ్‌కో కోరెల్‌డ్రాకో ఆ మీట రాదు. రిజిస్ట్రీలోకి వెళ్లి ప్రోగ్రామ్ ఫైల్స్ చిరునామానే డికి మార్చేయమని చెప్పేవాళ్లూ ఉంటారు. ఆ పని చేయకండి. ఆ మార్పును తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. విండోస్‌లోని భాగాలు కొన్ని సి అనీ, కొన్ని డి అనీ అనుకుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి.

మళ్లీ వేసేటప్పుడు చోటు మార్చడం చాలా సాఫ్ట్‌వేర్లలో సులువే. సెటప్ నడిచేటప్పుడు 'కస్టమ్' అనో 'బ్రౌజ్' అనో వచ్చే చోట ఆగి, చిరునామా మొదట్లో ఉన్న సిని డిగా దిద్దాలి. అడోబీవాటికి ఈ ప్రశ్న సెటప్‌లో రాదు. క్రియేటివ్ క్లౌడ్ ఆప్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఆప్స్ అనే చోట ఇన్‌స్టాల్ లొకేషన్ మార్చాలి. ఆ మార్పు ఇకమీదట వేసేవాటికే వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్నవి కదలవు, వాటిని తీసి మళ్లీ వేయాలి. ఆటోడెస్క్ వారి ఫ్యూజన్ అసలు చోటే అడగదు. వాడేవారి సొంత ఫోల్డర్‌లో, సిలోనే, తానుగా వెళ్లి కూర్చుంటుంది. బ్లెండర్ పద్ధతి పూర్తిగా వేరు. దాని జిప్ కూర్పును ఏ డ్రైవ్‌లో విప్పితే అక్కడినుంచే నడుస్తుంది, రిజిస్ట్రీ పుస్తకంతో దానికి పనిలేదు. డాస్ కాలపు మూట లాంటిదే అది, ఇప్పటికీ చేత్తో ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. నాకు ఆ పద్ధతి ఎంతో ఇష్టం. నేర్చుకునే పిల్లలకు, పాత కంప్యూటర్లున్న బడులకు అలాంటి సాఫ్ట్‌వేర్ ఇంకా ఎక్కువ ఉండాలి.

సరే, డి అని చెప్పాం. అప్పుడు డిలోకి నిజంగా ఏమేం వెళతాయి?

అసలు ప్రోగ్రామ్ ఫైళ్లు వెళతాయి. మిగతావి చాలావరకు సిలోనే దిగుతాయి. ఒకే సంస్థకు చెందిన నాలుగు సాఫ్ట్‌వేర్లు పంచుకునే ఉమ్మడి భాగాలు సిలోని కామన్ ఫైల్స్‌లోకి వెళతాయి. లైసెన్సును చూసుకునే సేవ సిలోనే. డ్రాయింగు బొమ్మల భాండాగారాలు, టెంప్లేట్లు చాలాసార్లు ప్రోగ్రామ్‌డేటా అనే దాచి ఉంచిన ఫోల్డర్‌లోకి వెళతాయి, అదీ సిలోనే. మీ బ్రష్‌లు, మీ సెట్టింగులు, మీరు చూసిన ప్రతి ఫొటోకూ తయారైన చిన్న నమూనా బొమ్మలు మీ పేరున ఉన్న ఆప్‌డేటాలో చేరతాయి. ప్రీమియర్‌లో వీడియో కూర్చేవారి మీడియా కాష్ కూడా మామూలుగా అక్కడే పోగవుతుంది. ఇంకో చిక్కు, సెటప్ ఫైల్ తనను తాను విప్పుకునేది కూడా సిలోని టెంప్ ఫోల్డర్‌లోనే. అందుకే డి ఎంచుకున్నా 'సిలో చోటు చాలదు' అని సెటప్ మొండికేస్తుంది. అది పొరపాటు కాదు. గదిలోకి చేర్చే సామాను ముందు వీధరుగు మీద దించాలి కదా.

ఇవన్నీ కలిపినా ఫ్లెక్స్ షాపులో సి నిండడానికి అసలు కారణం ఇంకా చెప్పలేదు. దానికి ముందు డ్రైవ్ అనే మాట తేల్చుకుందాం.

మన ఊళ్లలో అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఇంటికి వచ్చేసరికి దానిలో సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు కనిపించేవి. ఒకటి విండోస్‌కు, ఒకటి సినిమాలకు, ఒకటి పాటలకు, ఒకటి ఇంటి ఫొటోలకు. లోపల ఉన్నది మాత్రం ఒకే హార్డ్‌డిస్క్. ఒకే ఎకరానికి మూడు గట్లు వేసినట్టు అది. గట్టు వేసినంత మాత్రాన ఇంకో ఎకరం రాదు, ఇంకో కాడి ఎడ్లూ రావు. హార్డ్‌డిస్క్‌లో ఆ ఎడ్ల కాడి ఏమిటంటే, తిరిగే పళ్లెం మీద చదివే ముల్లును మోసే చెయ్యి. పళ్లేలు ఎన్ని ఉన్నా ముళ్లన్నీ ఒకే చేతికి తగిలించి ఉంటాయి, అన్నీ కలిసే కదులుతాయి.

దాని వేగం లెక్క కట్టడం కష్టమేమీ కాదు. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి, అంటే 4 మిల్లీసెకన్ల పైమాట. చెయ్యి ఒక వలయం నుంచి ఇంకో వలయానికి జరగడానికి మరో 9 మిల్లీసెకన్లు వేసుకోండి. మొత్తం 13. అంటే పళ్లెం మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకు 75కు మించి అందుకోలేదు. ఒక సాఫ్ట్‌వేర్ తెరుచుకోడానికి ఆరువేల చోట్ల నుంచి చిన్న ముక్కలు కావాలనుకుందాం. 80 సెకన్లు గడుస్తాయి. ఎస్ఎస్‌డిలో తిరిగే పళ్లెం లేదు, జరిగే చెయ్యి లేదు. ఒక ముక్క అందడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. ఆ ఆరువేల ముక్కలూ ఒక్క సెకను లోపే వచ్చేస్తాయి.

ఇప్పుడు ఒకే హార్డ్‌డిస్క్‌లోని డిలో సాఫ్ట్‌వేర్ వేశారనుకోండి. దానికి కావలసిన విండోస్ భాగాలు సిలో ఉన్నాయి, దాని సొంత ఫైళ్లు డిలో ఉన్నాయి. చెయ్యి ఆ గట్టుకూ ఈ గట్టుకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. పైగా పళ్లెం అంచున వలయం పొడవెక్కువ, ఒక చుట్టులో ఎక్కువ సమాచారం పడుతుంది. లోపలి వలయాలకు వచ్చేసరికి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ముందుగా వేసిన భాగం కనుక సి అంచున ఉంటుంది, డి లోపలికి జరుగుతుంది. కాబట్టి 'సిలో బరువు తగ్గిస్తే సిస్టమ్ వేగం పెరుగుతుంది' అని డిలో వేయించుకున్నవారికి కలిగింది నష్టమే. సి పూర్తిగా నిండిపోకుండా కాపాడడం ఒక్కటే దానివల్ల వచ్చిన మేలు.

మీ సిస్టమ్‌లో సి, డి వేర్వేరు డిస్కులా, ఒకే డిస్క్‌కు వేసిన గట్లా? టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ అనే చోట చూడండి. 'డిస్క్ 0' అని ఒకటే ఉండి దాని పక్కన సి, డి రెండూ కనిపిస్తే అవి గట్లే. 'డిస్క్ 0' పక్కన సి, 'డిస్క్ 1' పక్కన డి ఉంటే నిజంగా రెండు డిస్కులున్నాయన్నమాట. విండోస్ కొత్త కూర్పులలో ఏది ఎస్ఎస్‌డి, ఏది హార్డ్‌డిస్క్ అన్నదీ అక్కడే రాసి ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడ వేయాలో నిర్ణయించే ముందు ఈ ఒక్క తెర చూస్తే సగం పొరపాట్లు తప్పుతాయి.

ఇప్పటి కంప్యూటర్లలో తరచుగా కనిపించే అమరిక సిగా 256 జీబీ ఎస్ఎస్‌డి, డిగా 1 టీబీ హార్డ్‌డిస్క్. ఆ 256 కూడా విండోస్ తెరమీద 238గా కనిపిస్తుంది. దుకాణదారు మోసం చేశాడని కంగారు పడనక్కర్లేదు. తయారీదారు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. విండోస్ 1024ను మూడుసార్లు గుణించి, 107 కోట్లకు పైగా బైట్లను ఒక జీబీ అంటుంది. ఆ 238లో విండోస్, దాని అప్‌డేట్‌లు, పేజ్ ఫైల్ ఉంటాయి. కంప్యూటర్‌ను హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లోని సరుకు దాచడానికి విండోస్ ముందే పట్టి ఉంచే ఫైల్ ఇంకొకటి, అది ర్యామ్‌లో దాదాపు 40 శాతం దాకా ఉంటుంది. ఇటీవలి ఆటోక్యాడ్ ఒక్కదానికే 10 జీబీ చోటు కావాలని ఆటోడెస్క్ అడుగుతోంది. ఇలాంటి నాలుగైదు సాఫ్ట్‌వేర్లు వేసేసరికి సి బరువెక్కడం సహజమే.

అయినా సి నిండడంలో పెద్ద వాటా వాటిది కాదు. ధాన్యం దాచుకునే గాదె ఎంత ఉంటుందో పంటను బట్టి తెలిసిపోతుంది, ఏడాది పొడవునా అంతే ఉంటుంది. కళ్లం అలా కాదు. నూర్పిళ్లప్పుడు కుప్పలన్నీ పరచడానికి విశాలమైన జాగా కావాలి. పని అయిపోగానే అక్కడ ఏమీ ఉండదు, మళ్లీ బీడే. ప్రోగ్రామ్ ఫైళ్లు గాదె లాంటివి. ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ కళ్లం లాంటిది. షాపులో అతను గాదెను డిలో కట్టించాడు, కళ్లం మాత్రం సిలోనే ఉండిపోయింది. ఫొటోషాప్‌ను ఏ డ్రైవ్‌లో వేసినా, తనకు ఎవరూ వేరే చోటు చూపించకపోతే, విండోస్ ఉన్న డ్రైవ్‌నే స్క్రాచ్ డిస్క్‌గా వాడుకుంటుంది.

ఆ కళ్లం ఎంత పెద్దదో ఫ్లెక్స్ కొలతలతోనే చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు బ్యానర్. అంగుళాల్లో 240, 120. ఫ్లెక్స్‌కు మామూలుగా పెట్టే అంగుళానికి 72 చుక్కల రిజల్యూషన్ వేసుకుంటే వెడల్పున 17,280, ఎత్తున 8,640 చుక్కలు. గుణిస్తే 14.9 కోట్ల చుక్కలు. ముద్రణకు వాడే నాలుగు రంగులకు చుక్కకు నాలుగు బైట్లు. అంటే బ్యానర్ అంతటా పరచుకున్న ఒక్క లేయర్‌కు 597 ఎంబీ. అలాంటి లేయర్లు పది ఉంటే దాదాపు 6 జీబీ. ఇది మీరు చూస్తున్న బొమ్మ మాత్రమే. వెనక్కి వెళ్లడానికి వీలుగా మీరు చేసిన పనుల చరిత్రను ఫొటోషాప్ దాచుకుంటుంది, ఇప్పటి కూర్పుల్లో మామూలుగా 50 మెట్ల దాకా. ప్రతి మెట్టుకూ మొత్తం బొమ్మను మళ్లీ దాచదు. బొమ్మను చిన్న పలకలుగా విడదీసి, మారిన పలకల్నే దాస్తుంది. ఆ ఏర్పాటు నాకు చాలా తెలివైనదిగా కనిపిస్తుంది. కానీ నేపథ్యమంతటికీ ఒక బ్లర్ వేశారంటే అన్ని పలకలూ మారిపోయినట్టే. ఇంకో 597 ఎంబీ పడుతుంది. రెండుసార్లు వేసి చూశారా, ఇంకొకటి. 16 జీబీ ర్యామ్‌లో ఫొటోషాప్ తనకు దొరికిన మేరకు వాడుకుని, పట్టనిదంతా స్క్రాచ్ డిస్క్‌లో పోస్తుంది. బొమ్మను సేవ్ చేస్తే వచ్చే పీఎస్‌డీ ఒకటి రెండు జీబీలే ఉండొచ్చు. దాన్ని తయారుచేయడానికి నలభై జీబీల కళ్లం కావలసి రావచ్చు. కరిజ్మా ఆల్బమ్‌లు చేసే స్టూడియోల్లో ముప్పై పేజీల పీఎస్‌డీలను ఒకేసారి తెరిచి పెట్టుకుంటారు. వాళ్లకు ఈ లెక్క ఇంకా బరువు.

అందుకని నేను గట్టిగా చెప్పే మాట ఇది. డిజైన్ సాఫ్ట్‌వేర్ సిలోనా, డిలోనా అని అడిగే ముందు అందులో ఏ భాగం ఎక్కడ అని అడగాలి. సి ఎస్ఎస్‌డి, డి హార్డ్‌డిస్క్ అయితే, సిలో 30, 40 జీబీలైనా మిగిలే వీలుంటే ప్రోగ్రామ్ సిలోనే ఉండనివ్వండి. అది తెరుచుకునేటప్పుడు వేలకొద్దీ చిన్న ముక్కలు కావాలి, ఎస్ఎస్‌డి అక్కడే అక్కరకొస్తుంది. ముందు కదిలించవలసినవి పాత పీఎస్‌డీలు, టెంప్లేట్ల సంచయాలు, కాష్‌లు, డౌన్‌లోడ్‌లు. అవన్నీ పెద్ద పెద్ద ఫైళ్లు. వాటిని హార్డ్‌డిస్క్ ఒక వరసలో చదువుకుంటూ పోగలదు, అప్పుడు చేతికి అటూ ఇటూ పరుగులుండవు. సిలో ఏ మాత్రం చోటు లేకపోతేనే ప్రోగ్రామ్‌ను డికి మార్చండి. అప్పుడు నష్టమంతా తెరుచుకునేటప్పుడే. ఒకసారి తెరుచుకున్నాక దాని అవయవాలు చాలావరకు ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటాయి. బ్రష్ కదలిక డి వల్ల నెమ్మదించదు.

స్క్రాచ్ సంగతి కొంచెం చిక్కు. ఆరు జీబీల సరుకు దించడానికి సెకనుకు 150 ఎంబీ వేగమున్న హార్డ్‌డిస్క్‌కు 40 సెకన్లు పడుతుంది. సాటా తీగతో కలిపిన ఎస్ఎస్‌డికి 12 సెకన్ల దాకా, ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డికి రెండు మూడు సెకన్లు. కాబట్టి కళ్లాన్ని హార్డ్‌డిస్క్‌కు మార్చితే పని ఆగకుండా సాగుతుంది, కానీ నెమ్మదిగా సాగుతుంది. ఆగిపోవడం కన్నా అదే నయం. రోజూ ఇదే పని చేసి బతికేవారైతే రెండో ఎస్ఎస్‌డి ఒకటి కొనుక్కుని దాన్ని కళ్లానికి, కాష్‌లకు కేటాయించమంటాను. మదర్‌బోర్డు మీద దానికి తగిన గాడి ఖాళీగా పడి ఉండి, అది ఉందన్న సంగతే తెలియనివారు చాలామంది ఉంటారు. సి కూడా ఎస్ఎస్‌డి కదా, నిండితే ఏమవుతుంది అంటారేమో. ఎస్ఎస్‌డిలో పాత రాత మీద నేరుగా కొత్త రాత రాయడం కుదరదు, ముందు ఒక పెద్ద గడి మొత్తాన్ని చెరపాలి. ఖాళీ గడులు చేతిలో ఉంటేనే అది తీరిగ్గా సర్దుకోగలదు. ఖాళీ తగ్గేకొద్దీ రాసే వేగం పడిపోతుంది.

చోటు మార్చే మీటలు ఎక్కడున్నాయంటే, ఫొటోషాప్‌లో ఎడిట్ కింద ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్ అని ఉంటుంది. ఆటోక్యాడ్ ఆప్షన్స్‌లో ఫైల్స్ పలక మీద తాత్కాలిక డ్రాయింగుల చోటు, ఆటోసేవ్ చోటు విడివిడిగా కనిపిస్తాయి. బ్లెండర్‌లో ఫైల్ పాత్స్ అనే చోట తాత్కాలిక ఫోల్డర్ మార్చుకోవచ్చు. ప్రీమియర్‌లో మీడియా కాష్ చిరునామా ప్రిఫరెన్సెస్‌లోనే ఉంది. అలాంటి మీట లేని మొండి ఫోల్డర్లకు విండోస్‌లో జంక్షన్ అనే సదుపాయం ఉంది, 2000 నాటి విండోస్ నుంచే. ఫోల్డర్‌ను డికి మార్చి, సిలో దాని పాత పేరుతో ఒక దారి బోర్డు నాటడం అది. సాఫ్ట్‌వేర్ పాత చిరునామాకే వెళుతుంది, అక్కడినుంచి విండోస్ దాన్ని చప్పుడు లేకుండా డికి పంపుతుంది. బొమ్మల భాండాగారాలకు, కాష్‌లకు ఇది బాగా పనికొస్తుంది. ప్రోగ్రామ్ ఫోల్డర్‌కు మాత్రం నేను సిఫారసు చేయను. అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ బోర్డును పీకేసి మళ్లీ సిలోనే ఇల్లు కట్టుకునే ప్రమాదం ఉంటుంది.

డిలో ప్రోగ్రామ్ వేసేవారికి ఎవరూ చెప్పని జాగ్రత్త ఒకటుంది. సిలోని ప్రోగ్రామ్ ఫైల్స్‌కు విండోస్ కాపలా కాస్తుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకుండా అక్కడి ఫైల్‌ను ఎవరూ మార్చలేరు. డిలో మీరు మామూలుగా సృష్టించిన ఫోల్డర్‌కు ఆ కాపలా ఉండదు, లాగిన్ అయినవారెవరైనా అక్కడ రాయగలరు. పెన్‌డ్రైవ్‌లు పది చేతులు మారి వచ్చే షాపులో వైరస్‌కు అది తెరిచిన తలుపు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ తెరిచి, మామూలు వాడుకదారులకు చదివే, నడిపే హక్కులు మాత్రమే ఉంచాలి. కళ్లానికి, ఫైళ్లకు వేరే ఫోల్డర్లు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

బయట తగిలించే డ్రైవుల గురించి కొద్దిగా. ఈరోజు ఇగా కనిపించిన డ్రైవ్ రేపు ఇంకో పెన్‌డ్రైవ్ ముందుగా తగిలిస్తే ఎఫ్ అయిపోవచ్చు. చిరునామా మారగానే సాఫ్ట్‌వేర్ కనబడకుండా పోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి ఒక అక్షరాన్ని స్థిరంగా కేటాయించుకోవాలి. పెన్‌డ్రైవ్ మీద ఫొటోషాప్ వేయడాన్ని అడోబీ ఒప్పుకోదు.

'ఫార్మాట్ కొడితే సి పోతుంది, డిలో వేసుకుంటే సాఫ్ట్‌వేర్ మిగులుతుంది' అన్న నమ్మకం మన దగ్గర చాలా బలంగా ఉంది. ఇంతదాకా చదివినవారికి దాని సంగతి తెలిసిపోయి ఉంటుంది. విండోస్ కొత్తగా వేయగానే రిజిస్ట్రీ పుస్తకం తెల్లకాగితమవుతుంది. డిలో ఫోల్డర్ అలాగే ఉంటుంది, కానీ అక్కడ ఎవరుంటున్నారో విండోస్‌కు తెలియదు. మళ్లీ వేయక తప్పదు. బ్లెండర్ లాంటి మూటలు మాత్రమే క్షేమంగా మిగులుతాయి.

ఈ నమ్మకం వల్ల మన భాషకు జరిగే నష్టం నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది. తెలుగు డీటీపీలో ఏళ్ల తరబడి పని సాగింది పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 2001లో వచ్చింది. ఆ తర్వాత కూడా శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంకలనాలు దాని మీదే తయారవుతూ వచ్చాయి. ఆ ఫైళ్లను జాగ్రత్తపరులు డిలో దాస్తారు. ఫాంట్లు మాత్రం విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో, అంటే సిలో ఉంటాయి. ఫార్మాట్ అయ్యాక డిలోని పుస్తకాన్ని తెరిస్తే పేజీ పేజీ అలాగే ఉంటుంది, తెలుగు ఉండదు. దాని చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, అర్థంలేని గీతలు. ఎందుకంటే ఆ పాత ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీదే తెలుగు అచ్చుముక్కలు అతికించి చేసినవి. ఫాంట్ పోతే ముసుగు తొలగి కింది గుర్తులు బయటపడతాయి. ఒక రచయిత జీవితకాలపు రాత డిలో భద్రంగా ఉండి కూడా చదవడానికి వీల్లేకుండా పోతుంది. విండోస్ 10 మధ్యకాలపు కూర్పుల నుంచి ఫాంట్లను ఒక్క వాడుకదారుకే వేసుకునే వీలు వచ్చింది. అవి ఆప్‌డేటాలో ఉంటాయి, అదీ సిలోనే. అందుకని ఫార్మాట్‌కు ముందు డిలో మొదట చేరవలసింది ఫాంట్ల ఫోల్డర్. వీలైతే ప్రతి పుస్తకం పక్కనే దాని ఫాంట్లు, ఒక పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం కూడా పెట్టుకోవాలి.

షాపులో బ్యానర్ కోసం నిలబడ్డ కుర్రాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఫోన్‌లో అవతలి అబ్బాయి చెప్పవలసింది ఇంతే. ఫైల్ సేవ్ చేయగలిగితే చేసి, ఫొటోషాప్ మూసేయాలి. మళ్లీ తెరుస్తున్నప్పుడు కంట్రోల్, ఆల్ట్ మీటలు రెండూ నొక్కి పట్టుకోవాలి. ప్రోగ్రామ్ పూర్తిగా తెరుచుకోకముందే స్క్రాచ్ డిస్క్ ఏదని అడుగుతుంది. సి నిండిపోయి అసలు తెరుచుకోనప్పుడు కూడా ఈ దారి పనిచేస్తుంది. అక్కడ డి ఎంచుకోవాలి. తర్వాత బ్యానర్ తెరిచి, ఒక పక్కన డ్రైవుల కిటికీ పెట్టుకుని, అప్పుడప్పుడు దాన్ని తాజా చేసి చూస్తూ పని మొదలుపెట్టండి. 700 ఉన్న అంకె 690 అవుతుంది. నేపథ్యానికి బ్లర్ వేసి, నలుగురి ముఖాలూ సరిచేసేసరికి 670కి దిగుతుంది. సి కదలదు. పేర్లు రాసి, ప్రింటింగ్‌కు పంపి, ఫొటోషాప్ మూసేశాక మళ్లీ చూడండి. సేవ్ చేసిన బ్యానర్‌కు పట్టిన జీబీ, రెండు జీబీలు తప్ప డిలో 700 అలాగే తిరిగి వచ్చి ఉంటుంది.